వ్యానెక్కిన వంటిల్లు

సెలవులొచ్చాయంటే చాలు, మడకశిరలో మా వీధి చివర తెల్లవారుజామున ఏదో ఒక వ్యాను నిలబడి ఉంటుంది. పిల్లలు కిటికీ సీటు కోసం కొట్లాడుకుంటుంటారు. మగవాళ్ళు డ్రైవరుతో రూటు మాట్లాడుతుంటారు. వెనక మాత్రం ఒక సంసారమే బండెక్కుతూ ఉంటుంది. ఐదు కిలోల గ్యాసు సిలిండరు, దాని నెత్తిన బిగించే పొయ్యి, కుక్కరు, రెండు పెద్ద గిన్నెలు, నీళ్ళ క్యాన్లు, బియ్యం మూట, కందిపప్పు, చింతపండు, ఊరగాయ జాడీ, బొరుగుల సంచి, ఆఖరికి గిన్నెలు తోమే పీచు, సబ్బుతో సహా. ఇవన్నీ సర్దిన మనిషి అందరికన్నా చివర, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎక్కుతుంది. ఎక్కి కూడా "పాలగిన్నె మీద మూత పెట్టినామా?" అని ఇంటివైపే చూస్తుంది.

తిరిగొచ్చాక ఇంటాయన నలుగురిలో చెప్పుకునే మాట ఒకటుంటుంది. "మూడు రోజులు తిరిగినాం. హోటల్లో ఒక్క పైసా పెట్టలేదు!"

ఆ పైసా గురించే ఈ వారం నాలుగు మాటలు.

ఇదేదో మన సీమవాళ్ళ పిసినారితనం అనుకోకండి. మా అక్క కూతురు ఆస్ట్రేలియాలో ఉంటుంది. కిందటేడు మొగుడూ పెళ్ళాలూ ఇద్దరు పిల్లలతో అడిలైడ్ నుంచి ఆలిస్ స్ప్రింగ్స్ దాకా వెళ్ళారు. దగ్గర దగ్గర 1,500 కిలోమీటర్లు. కారు వెనక తగిలించుకుపోయే కారవాన్ ఒకటి అద్దెకు తీసుకున్నారు. కారవాన్ అంటే చక్రాల మీద చిన్న ఇల్లు. అందులోనే పడకలు, పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ళ ట్యాంకు. దారి పొడుగునా ఎర్రమన్ను, ఎడారి. గ్లెండాంబో అనే చోట పెట్రోలు పోయించుకుంటే మళ్ళీ బంకు కనిపించేది 250 కిలోమీటర్ల అవతల, కూబర్ పీడీలోనే. ఆ ఊళ్ళో ఓపల్ రాళ్ళ గనులున్నాయి. ఎండకు తట్టుకోలేక చాలామంది నేల తొలుచుకుని, లోపలే ఇళ్ళు కట్టుకుని ఉంటారు. కంగారూలు అడ్డమొస్తాయని చీకటి పడ్డాక బండి నడపరు. రోడ్డు పక్కన బండ్లు ఆపుకునేందుకు స్థలాలుంటాయి, చాలాచోట్ల రాత్రికి అక్కడే పడుకోవచ్చు, అద్దె లేదు. తెలియనివాళ్ళయినా ఎదురొచ్చే బండ్లవాళ్ళు చెయ్యెత్తి పలకరిస్తారట.

ఫోన్లో ఇదంతా చెప్పి, "రాత్రి ఆకాశం నిండా చుక్కలు చిన్నమ్మా! పిల్లోళ్ళకు వాళ్ళ నాయన ఒక్కొక్కటే చూపిస్తాండె" అంది.

"నువ్వూ చూసినావా?"

కాసేపు మాట్లాడలేదు. "నేను లోపల పప్పు పెడతాంటి చిన్నమ్మా."

నవ్వొచ్చింది. నవ్వాక మనసు బాగాలేకపోయింది. సముద్రాలు దాటిపోయినా ఆ పప్పు మన పిల్లల్ని వదల్లేదు గదా అని.

అసలు వంట సామాను కట్టుకుని ఊళ్ళు తిరగడం మనకు కొత్త కాదు. మా అత్తమ్మ పుట్టిల్లు గోరంట్ల దగ్గర. ఆమె చిన్నతనంలో కదిరి నరసింహస్వామి తేరుకు గూడుబండ్లు కట్టుకుని పోయేవాళ్ళట. చిత్రావతి ఇసుకలో ఎడ్లు విప్పి, చెలమ తవ్వి నీళ్ళు తోడి, మూడు రాళ్ళ పొయ్యి మీద వండుకు తినేవాళ్ళట. ఆమె ఇది చెప్పేటప్పుడు కళ్ళు మెరుస్తాయి. "పొయ్యి దగ్గర ఎవరుండ్రి అత్తా?" అంటే మాత్రం, "ఇంకెవరు, మా యమ్మ" అంటుంది, అదేం ప్రశ్న అన్నట్టు.

ఇంకా వెనక్కిపోతే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర ఉంది. 1830లో చెన్నపట్నంలో బయల్దేరి 1831లో తిరిగొచ్చారు, పదిహేను నెలల పైచిలుకు. డేరాలు, పల్లకీ బోయీలు, పెద్ద పరివారం. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది అన్నీ ఓపిగ్గా రాసిపెట్టారు. మన భాషలో ప్రయాణాల గురించి అంత వివరంగా అంత ముందు రాసినవారు అరుదు. ఆయన మీద నాకు గౌరవమే. కాకపోతే ఆ పరివారంలో అన్నం వండినవాళ్ళు కూడా ఒక పుస్తకం రాసి ఉంటే అందులో ఏముండేదో అని నాకో ఆశ.

ఇక మా సంగతి. రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవుల్లో మేమూ ఒక వ్యాను మాట్లాడుకున్నాం. మేం నలుగురం, మా మరిది కుటుంబం నలుగురు, అత్తమ్మ, కాలేజీలో చదివే మా ఆడబిడ్డ కూతురు, డ్రైవరు. మొత్తం పదకొండు మంది. పెనుకొండ, ధర్మవరం మీదుగా తాడిపత్రి, అక్కణ్ణుంచి బెలుం గుహలు, గండికోట. ధర్మవరంలో మాత్రం మా ఆయన బండి ఆపనివ్వలేదు. పట్టుచీరల అంగళ్ళ ముందు నుంచి పోయేటప్పుడు డ్రైవరును "కొంచెం తొందరగా పోనీ నాయనా" అన్నారు. బడ్జెట్ ప్రయాణం గదా!

తాడిపత్రి బాగా జరిగింది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి, ఊళ్ళో చింతల వెంకటరమణుడి గుడి, ఆ రాళ్ళ మీది చెక్కడాలు చూస్తుంటే కాళ్ళు కదలవు. నేను కదలాల్సి వచ్చింది. పదకొండు గంటలకల్లా అన్నం పడేయకపోతే పిల్లలు ఆగరు. నేనూ మా తోడికోడలూ చెట్టుకింద పొయ్యి వెలిగించాం. బెలుంలో మూడు కిలోమీటర్లకు పైగా భూమి లోపల పోయే గుహలున్నాయి, అందులో ఒకటిన్నర కిలోమీటరు వరకు మనల్ని పోనిస్తారు. లోపల ఉక్క. "నేను బయటుంటాలే అక్కా, సామాన్లకు కాపలా ఎవరో ఒకరుండాల గదా" అని మా తోడికోడలు ఆగిపోయింది. ఎవరూ ఆమెను ఆగమనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు.

గండికోటకు చేరేసరికి సాయంత్రమైంది. మన హిందూపురం పక్కన ఇసుకగా మాత్రమే కనిపించే పెన్నమ్మే అక్కడ ఎర్రమల కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయింది. ఆ లోయ మీద పొద్దుగూకడం చూడాలని పిల్లలు పొద్దున్నుంచీ కలవరిస్తున్నారు. అందరూ పరుగెత్తారు. "మీరు పదండి, పొద్దుపోతే దోమలు, ఈలోగా ఉప్మాకు ఉల్లిగడ్డలు తరిగేసి వస్తాం" అన్నాం మేమిద్దరం. తరిగాం, వేయించాం, రవ్వ పోశాం. చెయ్యి కడుక్కుని వెళ్ళేసరికి లోయలో నల్లగా ఏమీ లేదు. ఎదురొస్తూ మా ఆడబిడ్డ కూతురు అడిగింది, "అత్తా, ఎట్లుంది గండికోట?"

నేను "బాగుంది" అన్నాను. చూడనిదాన్ని బాగుందన్నాను! ఆ అబద్ధం నేనెందుకు ఆడానో చాలా రోజులు నన్ను నేనే అడుక్కున్నాను.

ఇంటికొచ్చాక ఖర్చుల పుస్తకం తీసి కూర్చున్నాను. ఆ పుస్తకం రాసేది నేనే. మనిషికి టిఫినూ, రెండు పూటల భోజనమూ కలిపి రోజుకు 220 రూపాయలు వేసుకున్నా, పదకొండు మందికి మూడు రోజులకు 7,260. మేం సరుకులకూ, కూరగాయలకూ, గ్యాసుకూ, పాలకూ పెట్టింది 2,600. మిగిలింది 4,660 రూపాయలు. ఇది మా ఆయన మిగిల్చింది కాదు, మా మరిది మిగిల్చింది కాదు. రెండు జతల చేతులు మిగిల్చినవి. ఆ చేతులవాళ్ళకు ఆ డబ్బు బదులు పోయిందేమిటంటే ఒక గుహ, ఒక పొద్దుగూకడం, సగం గుడి.

2024లో కేంద్రప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అది ఇంట్లో ఉన్నప్పటి మాట అనుకుందాం. ఇల్లు విడిచి 200 కిలోమీటర్లు వచ్చినా ఆ లెక్క వెంట వస్తే, ఇక దాన్ని విహారయాత్ర అని ఎవరి కోసం అనాలి?

ఇంకో సంగతి. రాయడానికి కాస్త మొహమాటంగా ఉన్నా రాయక తప్పదు. దారిలో మేం నీళ్ళు తాగలేదు. మా అత్తమ్మకు చక్కెర జబ్బు. అయినా తెల్లవారి మూడు నుంచి పదింటి దాకా ఒక చుక్క ముట్టలేదు. "యాడ దిగేది మే? మగోళ్ళకయితే ఏ చెట్టయినా సరిపోతుంది" అంటుంది. ఒక బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. తాళం చెవి ఆఫీసు గదిలో అబ్బాయి దగ్గర. అంతమంది లారీ డ్రైవర్ల మధ్య నుంచి పోయి అడగలేక మా తోడికోడలు తిరిగొచ్చేసింది. బంకుల్లో మరుగుదొడ్డి, తాగేనీళ్ళు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలని ఆయిల్ కంపెనీల నిబంధనే ఉంది. మనం బతిమాలుకోవలసిన పని కాదది. గాలి అడగడానికి మన మగవాళ్ళకు సిగ్గులేదు గదా, తాళం చెవి అడగడానికి మనకెందుకు? నీళ్ళు తాగకుండా, గంటలకొద్దీ ఆపుకుని కూర్చుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్లు వస్తాయని ఏ లేడీ డాక్టరును అడిగినా చెబుతుంది. ఊరికి వచ్చాక వారం రోజులు మందులు మింగింది మా ఇంట్లో ఎవరో చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఆస్ట్రేలియాలో దేశం మొత్తం మీద మరుగుదొడ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ప్రభుత్వమే ఒక పటం తయారుచేసి పెట్టింది. బయల్దేరే ముందు పెట్రోలు బంకులతోపాటు అవి కూడా గుర్తు పెట్టుకున్నామని మా అక్క కూతురు చెప్పింది. అంత ఎడారిలో వాళ్ళకది దారి లెక్కలో ఒక భాగం. మనకు మాత్రం ఆడవాళ్ళ సొంత గొడవ.

ఇది చదివి కొందరు అనుకుంటారు, "అయితే ఇంట్లోనే ఉండండి" అని. లేదంటే "హోటల్లో తినేంత స్తోమత అందరికీ ఉందా తల్లీ?" అని. రెండో ప్రశ్న న్యాయమైనదే. మాకూ లేదు. డబ్బున్నవాళ్ళ ప్రయాణాల గురించి కాదు నేను రాస్తున్నది. పొదుపు చేద్దాం. చేసే పొదుపు పదకొండు మందీ మోయాలంటున్నాను, అంతే.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీ శక్తి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. అది మొదలయ్యాక మా వీధిలో ఆరుగురం హిందూపురం మీదుగా లేపాక్షి పోయొచ్చాం. బస్సులో సిలిండరు ఎక్కనివ్వరు గదా! చేతిసంచిలో చిత్రాన్నం, కాసిన్ని బొరుగులు, నీళ్ళ సీసాలు. వేలాడే స్తంభం కింద కొంగు జారవిడిచి చూసుకున్నాం. పెద్ద నంది ముందు చింతలేకుండా కూర్చున్నాం. పైకప్పు మీది బొమ్మలు మెడ నొప్పి పుట్టేదాకా చూశాం. ఆ చీరల అంచులు చూసి మాలో ఒకామె, "ఇవి ఇప్పుడు నేస్తే ఎంతకిస్తారో" అంది. మధ్యాహ్నం ఒంటిగంటకు ఎవరికి ఆకలేస్తుందో అన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ సంగతి ఇంటికొచ్చాక గుర్తుకొచ్చింది.

దాని తర్వాత దసరా సెలవుల్లో మళ్ళీ వ్యాను మాట్లాడినప్పుడు నేను ముందే నోరు విప్పాను. గొడవ జరగలేదని చెప్పను. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. చివరికి కుదిరింది ఇది: జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, మొదటి రోజుకు పులిహోర ఇంటి నుంచే. అవి తయారుచేయడంలో అందరూ చెయ్యి పెట్టాలి. మధ్యాహ్నం భోజనం బయట. రాత్రికి ఏదైనా వండితే గిన్నెలు మగపిల్లలు కడగాలి. రెండు గంటలకొకసారి బండి ఆగాలి, ఆడవాళ్ళు అడిగినా అడగకపోయినా. సామాన్లకు కాపలా వంతులవారీగా. మా అత్తమ్మ మొదట "మగపిల్లోళ్ళు అంట్లు తోమేది యాడన్నా ఉందా" అని మూతి విరిచింది. రెండుసార్లు బండి ఆగి, రెండుసార్లు టీ తాగాక ఇంకేమీ అనలేదు.

కదిరి దర్శనం చేసుకుని తిమ్మమ్మ మర్రిమానుకు పోయాం. ఐదెకరాల మేర పరుచుకుందా చెట్టు. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఐదారు వందల ఏళ్ళ కిందట భర్తతోపాటు చితిలోకి పోయిన తిమ్మమ్మ పేరు మీద వెలసిందని చెబుతారు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలో, కోపం తెచ్చుకోవాలో తెలియదు. అది ఇంకోసారి రాస్తాను.

అక్కడ మా మరిదీ, ఇద్దరు మగపిల్లలూ తిన్న గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గర కూర్చున్నారు. నేనూ, మా తోడికోడలూ ఊడల మధ్య నడుచుకుంటూ చాలా దూరం పోయాం. ఏది ఊడో, ఏది మొదలో తెలియలేదు. వెనక నుంచి మా ఆయన కేక వినిపించింది. "ఏమే, చెనిక్కాయల పొడి యాడ పెట్టినావు?"

"సంచిలో చూడండి" అని అరిచాను. తిరిగి పోలేదు.

ఆ ప్రయాణానికి బయట భోజనాల ఖర్చు 1,900 పెరిగింది. మా ఆయన ఆ అంకె దగ్గర వేలు పెట్టి ఆగారు గానీ ఏమీ అనలేదు. వచ్చే వేసవికి హంపి పోదామంటున్నారు. సిలిండరు నింపించాలా వద్దా అన్న వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.