పెండపురుగుని పోజులివ్వమనకండి!

ముందే చెప్తున్నా, ఇది కొంతమందికి నచ్చదు. అయినా చెప్పాల్సిందే.

మన ఐటీ జనాల్లో మాక్రో ఫొటోగ్రఫీ పిచ్చి బాగా పెరిగింది. సంతోషం. శని, ఆదివారాలు మాల్స్‌లో తిరిగేకంటే పొలంగట్ల మీద బోర్లా పడుకోవడం ఎంతో నయం. నేనూ ఆ బాపతే. తొలకరి పడిందంటే ముస్తాబాద్ దగ్గర మా ఊరికి పోయి, బర్రెలు మేసేచోట కెమెరా పట్టుకుని కూర్చుంటా. తాజా పెండ పడిన కాసేపటికే పురుగులు వచ్చి వాలతాయి. కొన్ని అందులోనే ఉండిపోతాయి. కొన్ని కింద బొరియ తవ్వి పెండని లోపలికి లాక్కుపోతాయి. కొన్ని మాత్రం ఉండ చేసుకుని, తలకిందులుగా, వెనక కాళ్ళతో దొర్లించుకుపోతాయి. ఫొటోకి అందరికీ కావాల్సింది ఈ మూడో రకమే. నా గొడవ కూడా దీని గురించే.

ఇది ఒకచోట ఆగదు. 1:1లో ఎఫ్/11 పెట్టినా ఫోకస్‌లో ఉండేది ఒక మిల్లీమీటరు, ఆపైన కాస్త. పది షాట్లు తీస్తే తొమ్మిది డిలీటే. అందుకని మనవాళ్ళు అడ్డదారులు కనిపెట్టారు. దారికి పుల్ల అడ్డం పెట్టడం, ఉండ లాక్కుని మంచి బ్యాక్‌గ్రౌండ్ ఉన్నచోట పెట్టడం, పురుగుని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టి, అది మందగించాక తీయడం. కింద "ఇన్ ద వైల్డ్" అని క్యాప్షన్! ఫ్రిజ్‌లో ఏ వైల్డ్ ఉందండీ?

అన్నిట్లోకీ ఎక్కువ మెచ్చుకోళ్ళు వచ్చేది, పురుగు ఉండ మీదికెక్కి గుండ్రంగా తిరిగే ఫొటోకి. "డాన్స్" అంటారు. అదెందుకు ఎక్కుతుందో తెలుసా? దక్షిణాఫ్రికా పురుగుల మీద పరిశోధనలు చేసి తేల్చారు. దారికి ఏదైనా అడ్డమొచ్చినా, ఉండ పట్టు తప్పినా, పైకెక్కి ఆకాశంలో వెలుగు చూసి దిక్కు సరిచూసుకుంటుంది. అక్కడి ఒక జాతి రాత్రిపూట పాలపుంత వెలుగుని బట్టి కూడా నేరుగా పోగలదని ప్లానెటేరియంలో పెట్టి మరీ చూసి, 2013లో ప్రకటించారు. అంటే, పుల్ల అడ్డం పెట్టి తీసిన ఆ డాన్స్ ఫొటో, దారి తప్పించిన మనిషి అడ్రస్ వెతుక్కుంటుంటే తీసిన ఫొటో అన్నమాట.

ఒకసారి మాతో వచ్చినాయన ఉండ లాక్కుంటుంటే, బర్రెలు కాసే పెద్దమ్మ చూసి "దాని బువ్వ దానికియ్యి బిడ్డా, నీకెందుకది?" అంది. ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ ఉండ దాని తిండైనా కావచ్చు, మట్టిలో పాతి గుడ్డు పెట్టుకోడానికైనా కావచ్చు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పెరిగేదాకా తినేది ఆ పెండే.

"ట్రాక్టర్లొచ్చి ఎడ్లు పోయాయి, పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ మందు పెండలోకొచ్చి వాటి పిల్లల్ని చంపుతోంది, మా పుల్ల ఒక లెక్కా?" అని వాదిస్తారు. లెక్క కాదు, ఒప్పుకుంటా. కానీ ఎడ్లు పోతున్న ఊళ్ళలో రేపటి పిల్లలకి ఈ పురుగు ఫొటోలోనే పరిచయం. ఆ ఫొటో కూడా అబద్ధమైతే ఇంకేం మిగుల్తుంది? ఆస్ట్రేలియాలో పురుగులకి కంగారూ పెంటికలే అలవాటు. ఆవుపెండ పేరుకుపోయి ఈగలు పెరిగితే, 1968 నుంచి నలభైకి పైగా జాతుల్ని బయటినుంచి తెచ్చి వదిలారు. మనకి ఊరికే వచ్చింది కాబట్టి లోకువ!

ప్రొడక్షన్ సర్వర్‌లో రీడ్-ఓన్లీ యాక్సెస్ ఇస్తే ఏం చేస్తాం? చూస్తాం, ముట్టుకోం. పొలంలో కూడా మనకున్న పర్మిషన్ అంతే. పైగా దానికి అడ్డం పడాల్సిన పనే లేదు. అది నేరుగా పోతుంది కదా, నాలుగడుగులు ముందుకెళ్ళి, దారికి ఓ పక్కగా పడుకోండి. ఫ్లాష్ ముందు తెల్లకాగితం పెట్టుకోండి, వీపు మీద మెరుపు తగ్గుతుంది. అదే మీ దగ్గరికి వస్తుంది. రాకపోతే ఇంకో పెండ, ఇంకో పురుగు.

అంత ఓపిక లేదంటారా? అయితే ఫొటో కింద "ఫ్రిజ్‌లోంచి తీసింది" అని రాయండి. నాకేం అభ్యంతరం లేదు.