ఏడు వేల అంకె

మా మేనల్లుడి గేమింగ్ కంప్యూటర్ 2014 నాటిది. నాలుగో తరం ఐ5, హెచ్81 బోర్డు. అందులోని 240 జీబీ ఎస్సెస్డీ నిండిపోయింది. పైగా డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రాం ఈమధ్య 'జాగ్రత్త' అంటోందట. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో షాపుకెళ్తే, సెకనుకు 7,000 ఎంబీ చదివే ఎన్వీఎంఈ డ్రైవు, దాన్ని బోర్డుకి తగిలించే అడాప్టరు కలిపి బిల్లు రాయబోయారు. "మామయ్యా, ఆటలు రాకెట్‌లా పరిగెడతాయంటున్నాడు, కొనేయనా?" అని అక్కణ్ణుంచే ఫోను.

తాయెత్తు కట్టుకున్నవాణ్ణి "ఏం పరీక్ష చేసి కట్టుకున్నావ్?" అని నిలదీసే కుర్రాడు వాడు. పెట్టె మీద అంకె కనబడేసరికి ఆ ప్రశ్న మర్చిపోయాడు. వాణ్ణని ఏం లాభం, మనలో చాలామందిమి అంతే. దేవుడి పేరుతో చెబితే అనుమానిస్తాం, మెగాబైట్లలో చెబితే నమ్మేస్తాం.

ఆ అంకె అబద్ధం కాదు. కానీ ఏడు వేలు రావాలంటే నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారులు నాలుగు కావాలి. వాడి బోర్డులో ఉన్నవి రెండో తరానివి, ఒక్కో దారికి సెకనుకు 500 ఎంబీ మించదు. పెద్ద స్లాటులో గ్రాఫిక్స్ కార్డు కూర్చుంది. మిగిలిన చిన్న స్లాటుకి ఉన్నది ఒకటే దారి. అంటే ఆ ఏడు వేల డ్రైవు అక్కడ 500 దాటదు. మామూలు సాటా డ్రైవే 550 దాకా ఇస్తుంది! పైగా ఆ కాలపు బోర్డులు చాలావాటికి ఎన్వీఎంఈ డ్రైవు నుంచి బూట్ అవడమే తెలీదు.

"అయితే సాటాది కొంటే ఆటలు స్పీడవుతాయా?" అన్నాడు. అవ్వవురా అన్నాను. పాతదీ సాటాయే కదా. పాత హార్డ్ డిస్కు నుంచి ఎస్సెస్డీకి మారితే తేడా ఎవరికైనా తెలుస్తుంది. ఎస్సెస్డీ నుంచి ఎస్సెస్డీకి మారితే, నిండిపోయి నీరసించిన డ్రైవు స్థానంలో ఖాళీ డ్రైవు వచ్చిన మేరకే తేడా. సెకనుకెన్ని ఫ్రేములన్నది ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసరు తేల్చే సంగతి. నువ్వు కొంటున్నది చోటు, భద్రత. వేగం కాదు.

వాడి దగ్గర ఇంకో సాక్ష్యం ఉంది. స్నేహితుడు డ్రైవు మార్చాక కంప్యూటరు కొత్తదైపోయిందట. ఆరా తీస్తే ఆ అబ్బాయి అదే రోజు విండోస్ కూడా మళ్ళీ ఇన్‌స్టాల్ చేసాడు. నాటువైద్యుడు పొడి ఇచ్చి, దానితోపాటు పథ్యం పెట్టడం లాంటిదే ఇది. తగ్గింది పథ్యం వల్లా, పొడి వల్లా? పాత డ్రైవుని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ చేసి, అదే ఆటని స్టాప్‌వాచీతో చూస్తే తప్ప తెలీదు.

ఎస్సెస్డీలు త్వరగా అరిగిపోతాయన్న భయం ఇంకోటి. శామ్‌సంగ్ 870 ఈవో 1 టీబీ డ్రైవుకి కంపెనీ చెప్పే రాత పరిమితి 600 టీబీ. రోజుకి 50 జీబీ రాసినా 12,000 రోజులు, అంటే ముప్ఫై రెండేళ్ళ పైమాటే. ది టెక్ రిపోర్ట్ వాళ్ళు 2013లో ఆరు డ్రైవులు తీసుకుని చచ్చేదాకా రాసారు. మొదటిది పోయేసరికి 700 టీబీ దాటింది. అన్ని డ్రైవులూ అలాగే ఉంటాయని దానర్థం కాదు, ఆరింటి కథే అది. అయినా ఊహ కంటే నయం.

నన్ను కలవరపెట్టేది వేరే. 2021లో క్రూషియల్ పీ2 డ్రైవులో ముందున్న టీఎల్సీ ఫ్లాష్ తీసేసి నెమ్మదైన క్యూఎల్సీ పెట్టిన సంగతి బయటపడింది. మోడల్ పేరు మాత్రం మారలేదు. అప్పటికి వచ్చిన రివ్యూలన్నీ మార్కెట్లో లేని సరుకు గురించి చెబుతున్నట్టే కదా! ఆధారం కూడా పాచిపోతుందన్నమాట, తేదీ చూసుకోవాలి.

నేనూ మోసపోయినవాణ్ణే. మరీ చవగ్గా వస్తోందని ఒక 1 టీబీ డ్రైవు కొన్నాను. కంప్యూటరు కూడా 1 టీబీ అనే చూపించింది. నింపుతుంటే పాత ఫోటోలు పాడవడం మొదలైంది. లోపల ఉన్నది చిన్న చిప్పు, సైజు గురించి అబద్ధం చెప్పేలా దాన్ని తయారుచేసారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డ్రైవంతా రాయించి తిరిగి చదివిస్తే ఈ బండారం బయటపడుతుంది. నేను ఫోటోలు పోయాక చేసాను ఆ పని.

చివరికి వాడు తెలిసిన కంపెనీ సాటా డ్రైవు, 1 టీబీది తీసుకున్నాడు. రేపు కంప్యూటరు మార్చినా అందులోకి పనికొస్తుంది. ఎలాగూ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 ఈ ప్రాసెసర్ని ఒప్పుకోదు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఆట లోడవడం రెండు సెకన్లే తగ్గింది, అదీ ఒక్కసారే కొలిచాను" అన్నాడు. ఇంకో నాలుగుసార్లు కొలవమన్నాను.