చెలిమియు ఆస్తియే

కామాటిపుర చాళ్లలో ఒక్క ఖోలీలో ఐదారుగురు కాపురముండుట మనకు క్రొత్తగాదు. మన బిడ్డలకు వరండాయే రెండవ గది. పరీక్షలకు చదువుటయు, తగవులాడి మరల కలియుటయు వారు అచ్చటనే నేర్చిరి.

ఈ నగరమును కట్టిన మన కామాటీల పేరే ఈ పేటకు వచ్చినది. అయినను బడిలో తోటివారు నవ్వుదురేమోయని పదునాలుగేండ్ల బాలుడు చిరునామా దాచును. ఆ బాధ తండ్రికి చెప్పలేడు. ప్రక్క ఖోలీ మిత్రునికి చెప్పును. చెప్పినంతనే సగము బరువు దిగును.

పెద్దల అండపై నమ్మకము గల శిశువే ధైర్యముగా లోకమును పరికించునని ఆంగ్లేయ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1969 నాటి గ్రంథమున వివరించెను. కౌమారమున ఆ అండలో కొంత భాగము మిత్రులు వహింతురని తరువాతి పరిశోధకులు కనుగొనిరి. ఇంటి ఆదరము చెలిమికి పునాది. చెలిమి ఇంటికి బదులు గాదు.

నేడు పాత చాళ్ల స్థానమున ఎత్తయిన భవనములు కట్టు యత్నము సాగుచున్నది. గాలి వెలుతురు గల యిల్లు మనకు అవసరమే. కాని మూసిన తలుపుల వెనుక మన పిల్లలు ఎవరితో మనసు విప్పుదురు? ప్లాను చూచునపుడు గదుల కొలతతోబాటు ప్రతి అంతస్తున పిల్లలు కూర్చుండు చోటును గూడ అడుగుదము. అంతవరకు, మన బిడ్డ స్నేహితుడు గడప త్రొక్కినపుడు కసరక, ఇంత చాయ్ ఇచ్చి కూర్చుండబెట్టుదము.