ముందు వీడియో, తర్వాత వార్త: గురుగ్రామ్ నేర్పుతున్న పాఠం

గురుగ్రామ్: 2016 జులై 28 సాయంత్రం కురిసిన భారీ వర్షానికి ఢిల్లీ పొరుగున ఉన్న ఈ నగరం స్తంభించిపోయింది. జైపూర్ వైపు సాగే జాతీయ రహదారిపై హీరో హోండా చౌక్ వద్ద వాహనాలు తెల్లవార్లూ నిలిచిపోయాయి. ఆ దృశ్యాలను దేశానికి చూపినవి నీళ్లలో చిక్కుకున్న ఉద్యోగుల ఫోన్లే. గుర్‌గావ్ పేరును గురుగ్రామ్‌గా మార్చాలని హర్యానా ప్రభుత్వం నిర్ణయించి అప్పటికి మూడున్నర నెలలే అయింది. నెటిజన్లు దానికి ‘గురుజామ్’ అని మరో పేరు పెట్టారు. ఢిల్లీవాసులు ఇటు రావద్దంటూ పోలీస్ కమిషనర్ చేసిన విజ్ఞప్తి కూడా ట్విట్టర్‌లోనే వెలువడింది.

విలేకరి కంటే ముందే వార్త జనం చేతికి చేరింది. అయితే రహదారి మునిగిందని ఫోన్ చూపగలదు గానీ, ఎందుకు మునిగిందో చెప్పలేదు. వరదనీటిని మోయాల్సిన బాద్‌షాపూర్ కాలువ ఖాండ్సా వద్ద నిర్మాణాల మధ్య ఇరుకైపోయిందన్నది క్షేత్రానికి వెళ్లి, దస్త్రాలు పరిశీలించి రాయవలసిన కథనం. పాత్రికేయానికి మిగిలిన పని అదే.

ఏడేళ్ల తర్వాత అదే ఫోన్ మరో ముఖం చూపింది. 2023 జులై 31న పొరుగు జిల్లా నూహ్‌లో ఒక మతపరమైన ఊరేగింపు సందర్భంగా చెలరేగిన హింస ఆ రాత్రికే గురుగ్రామ్‌కు పాకింది. ఇద్దరు హోంగార్డులు, గురుగ్రామ్ సెక్టార్ 57లోని మసీదు నాయబ్ ఇమామ్ సహా ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. ఊరేగింపునకు ముందే రెచ్చగొట్టే వీడియోలు ప్రచారంలోకి వచ్చాయి. ప్రభుత్వం నూహ్‌తో పాటు గురుగ్రామ్ జిల్లాలోని సోహ్నా, పటౌడీ, మానేసర్‌లలో మొబైల్ ఇంటర్నెట్‌ను నిలిపివేసింది.

ఇక్కడే అసలు చిక్కు. వదంతిని ఆపే ఆంక్ష, ఆ వదంతిని ఖండించే వార్తనూ ఆపుతుంది. ఇంటర్నెట్‌ను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని, అలాంటి ఉత్తర్వులను బహిర్గతం చేయాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న ఒక పాత్రికేయురాలి పిటిషన్‌పై స్పష్టం చేసింది.

పత్రికలో అచ్చయిన అబద్ధానికి సంపాదకుడు బాధ్యుడు. ఇతరులు పెట్టిన సమాచారం విషయంలో సామాజిక మాధ్యమ సంస్థలకు మాత్రం ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ షరతులతో రక్షణ కల్పిస్తోంది. పోనీ, తన వ్యవహారాలపై ఏది బూటకమో కేంద్రమే తేల్చవచ్చా? అందుకు వీలు కల్పించిన 2023 నాటి నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేసింది.

కాబట్టి నిర్ధారణ భారాన్ని ఇంటర్నెట్ ఆంక్షలపైనో, ప్రభుత్వ ముద్రపైనో వదిలేయలేం. అది స్వతంత్ర వార్తాగదులు మోయవలసినదే. ఎప్పటిది, ఎక్కడిది, ఎవరు తీశారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికాకే వీడియో వార్త అవుతుంది. గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న బిడ్డ క్షేమం కోసం వాట్సాప్ తెరిచే తెలుగు తల్లిదండ్రులకు కావలసింది ముందుగా వచ్చిన కబురు కాదు, నమ్మదగిన కబురు.