డెవిల్ ఫిష్: వల చిరిగే దాకా ఆగాలా? నీళ్లతోనే పట్టేసే టెస్ట్ మన తార్నాక పక్కనే!

వల బరువుగా తగిలింది. పైకి లాగితే రవ్వ లేదు, బొచ్చె లేదు. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్ల రెక్కలున్న నల్ల చారల చేప. కొనేవాళ్లు ఉండరు, పైగా వల చింపేస్తుంది. మత్స్యకారులు దీన్ని డెవిల్ ఫిష్ అంటున్నది ఇందుకే.

ఇంతకీ ఇది మన చేప కాదు. సొంతూరు దక్షిణ అమెరికా, అమెజాన్ ప్రాంతం. అక్వేరియం గాజుకు పట్టే పాచి తినేస్తుందని, చూడ్డానికి వింతగా ఉంటుందని పెంచి అమ్ముతున్నారు. చిన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది. పెద్దదై తొట్టి పట్టకపోతే కొందరు తీసుకెళ్లి చెరువులోనో, నాలాలోనో వదిలేస్తారు. పాపం చేపను చంపలేదనుకుంటారు కానీ, అసలు కథ అక్కడే మొదలవుతుంది. హుస్సేన్‌సాగర్ నాలా నల్లకుంట, గోల్నాక మీదుగా మూసీలో కలుస్తుంది. అంబర్‌పేట్ దాటిన మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే ఇక్కడ వదిలిన చేపకు కృష్ణ దాకా దారి ఉన్నట్టే!

తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీ సైంటిస్టులు తూర్పు కనుమల్లో దీనికోసం వెతికారు. అక్కడి నీటి వనరుల్లో 60 శాతం వాటికి ఈ చేప పాకినట్టు తేలింది. పట్టుకున్న చేపల్ని లెక్కపెట్టడం కాదు, నీళ్లనే పరీక్షించారు. చేప ఒంటి జిగురు, విసర్జన ద్వారా దాని డీఎన్ఏ నీళ్లలో కలుస్తుంది. ఆ నీటిని వడకట్టి టెస్ట్ చేస్తే చేప కంటికి కనిపించకపోయినా జాడ దొరుకుతుంది.

ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఒకసారి స్థిరపడితే దీన్ని వదిలించుకోవడం చాలా కష్టం. కట్టల్లో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినా పైకొచ్చి గాలి పీల్చి బతుకుతుంది.

ఆఫ్రికన్ క్యాట్ ఫిష్‌దీ ఇలాంటి కథే. కేంద్రం 2000లోనే నిషేధించినా కోళ్ల వ్యర్థాలతో గుట్టుగా పెంచుతూనే ఉన్నారు. వానలకు ఆ గుంతలు పొంగితే అదీ బయటపడుతుంది. అది మాంసాహారి, చిన్న చేపల్ని బతకనివ్వదు.

అలాగని పరాయి చేపలన్నీ దొంగచాటుగా వచ్చినవే కావు. తెలంగాణలో ప్రభుత్వం ఉచితంగా వదిలే చేప పిల్లల్లో బంగారుతీగ కూడా విదేశీదే. కాకపోతే దానికి మార్కెట్ ఉంది, డెవిల్ ఫిష్‌కు లేదు. వల చిరిగినా, పట్టు తగ్గినా నష్టం మత్స్యకారుడిదే. ఏటా చెరువుల్లో లక్షల పిల్లల్ని వదిలే ముందు ఆ నీళ్లకు ఈ టెస్ట్ చేయిస్తే, ఏ చెరువులో డెవిల్ ఫిష్ ఉందో సొసైటీలకు ముందే తెలిసిపోతుంది. ల్యాబ్ ఉన్నది కూడా మన సిటీలోనే కదా.