సున్నా పెట్టమని చెప్పకండి

"ఎక్సెల్‌ని నేరుగా డేటాబేస్‌కి కలిపేసుకోండి. క్వెరీ లేటై టైమౌట్ వస్తే, అక్కడ సున్నా పెట్టేయండి." మొన్న ఒక శిక్షణ తరగతిలో బోధకుడు చెప్పిన మాట ఇది. విన్నవాళ్లు బుద్ధిగా రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇది ఆయన ఒక్కడి మాటైతే వదిలేసేవాణ్ణి. ఇవాళ ఏ అకౌంట్స్ విభాగంలో అడిగినా ఇదే సలహా.

మాక్రోల్లో వాడే ఏడీఓలో కమాండ్ టైమౌట్ మామూలుగా 30 సెకన్లు. దాన్ని సున్నా చేస్తే, ఎంతసేపైనా సరే ఆగమని అర్థం. 30 సెకన్లలో తేలలేదంటే ఇండెక్స్ లేకపోయి ఉండొచ్చు, జాయిన్ తప్పి ఉండొచ్చు, తేదీ షరతు మరిచి పదేళ్ల బిల్లులన్నీ లాగుతూ ఉండొచ్చు. అదేమిటో చూడకుండా హెచ్చరిక నోరు నొక్కడం నేర్పిస్తారా?

పోనీ, ఆగేది మీరొక్కరేనా? ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలు అమరికలో, చదవడానికి వచ్చిన క్వెరీ కూడా చదువుతున్న చోట లాక్ పెడుతుంది. అదే చోట రాయాల్సినవాళ్లు ఆగాల్సిందే. ఆసుపత్రిలో డిశ్చార్జి బిల్లు కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి "సిస్టం స్లోగా ఉందండీ" అన్న జవాబు వస్తుంది. పై అంతస్తులో ఎవరో రిఫ్రెష్ నొక్కారని ఆ మనిషికి ఎలా తెలుస్తుంది? పోస్ట్‌గ్రెస్‌లో ఈ బాధ లేదంటారు. కానీ అక్కడ పొడుగాటి క్వెరీ నడిచినంతసేపూ, దానికి అవసరం కావచ్చని పాత వరుసల్ని వాక్యూమ్ అనే శుభ్రపరిచే ప్రక్రియ తొలగించలేదు, టేబుల్ ఉబ్బిపోతుంది. దానికి తోడు ఎక్సెల్‌లోని పవర్ క్వెరీ, ఒక్క రిఫ్రెష్‌కి అదే ప్రశ్నను పలుమార్లు సర్వర్‌కి పంపవచ్చు. నెలాఖరున పదిమంది నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంత చేసి తెచ్చుకున్నది షీట్‌లో పడుతుందా? 10,48,576 వరుసలు దాటితే చోటు లేదు. సంఖ్యగా వచ్చిన 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. 2020లో పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌లో, 65,536 వరుసలే పట్టే పాత ఎక్సెల్ ఫార్మాట్ వల్ల 15,841 కోవిడ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాకుండా పోయాయి. ఆ రోగుల్ని కలిసినవాళ్లకు కబురు ఆలస్యమైంది. అది డేటాబేస్ కనెక్షన్ తప్పు కాదు, నిజమే. కానీ షీట్ హద్దు తెలియకుండా దాన్ని నమ్మిన ఫలితం అదే కదా!

"ఐటీ వాళ్లని అడిగితే నెల పడుతుంది" అంటారు. పట్టనివ్వండి, అడగండి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. రాత్రిపూట సారాంశ టేబుల్ ఒకటి తయారవ్వాలి, ఎక్సెల్ దాన్నే చదవాలి. లేదా చదవడానికే వేరుగా ఒక నకలు సర్వర్ ఉండాలి. ఎవరు కట్టాలి, ఖర్చు ఎవరిది అన్నది ఆయా ఆఫీసులు కూర్చుని తేల్చుకోవాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు మాత్రం వచ్చే తరగతిలోనైనా, టైమౌట్ పెట్టె తెరిచేముందు ఆ క్వెరీ ఎగ్జిక్యూషన్ ప్లాన్‌ని, అంటే సర్వర్ దాన్ని ఎలా నడుపుతుందో చెప్పే వివరాన్ని, తెరిచి చూపించాలి.