చెమట ఆరని ఎండ

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కోనసీమలో రోళ్లకన్నా ముందు మనుషులే డస్సిపోతారు. రెంటచింతలతో పోలిస్తే అమలాపురంలో కొన్ని డిగ్రీలు తక్కువే ఉండొచ్చు. కానీ చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! పక్కన సముద్రం, చుట్టూ చెరువులు, గాలి నిండా తేమ. ఇక చెమట ఆరేదెక్కడ? కారిపోతుందంతే.

అందుకే తలుపులు బిడాయించి నీళ్ల కూలర్ పెడితే ఇక్కడ ఉక్క ఇంకా పెరుగుతుంది. కిటికీ తీసి ఉంచాల్సిందే. మండువా లోగిళ్లు కట్టిన పెద్దలకు ఈ సంగతి తెలుసు. ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా వదిలేశారు, వేడిగాలి పైకి పోవడానికి. పేదవాడి తాటాకిల్లూ చల్లనిదే. దాని స్థానంలో వచ్చిన రేకుల ఇల్లు మధ్యాహ్నానికి పెనమవుతుంది.

చెమటతో నీళ్లే కాదు, ఉప్పూ పోతుంది. పొలానికి వెళ్లేముందు ఉప్పేసుకుని తాగే పుల్లటి తరవాణి, చలివేంద్రంలో పోసే ఉప్పు మజ్జిగ ఆ లోటు తీర్చేవే.

2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది వృద్ధులు, ఎండలో పనిచేసే కూలీలు. కడియం నర్సరీల్లో లేత మొక్కలకు నీడ కోసం పచ్చ వలలు కడతారు. ఇటుకబట్టీలో మనిషికి ఆ నీడేదీ? పని పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ఆపేయడం మంచిదే, కూలి కోయకుంటే.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బేనని అనుమానించాలి. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు.